12 + 4 = 16 కాదప్పా!

పాత కంప్యూటర్‌లో ఒక గ్రాఫిక్స్ కార్డు ఉంది. ఇంకొకటి కొన్నాం. రెండూ కలిపి పెట్టేస్తే స్పీడు పెరుగుతుందా? ఈ ప్రశ్నకి నాకు జవాబు దొరికింది యూట్యూబ్‌లో కాదు, కణేకల్‌లో మా ఇంటి అరుగు మీద.

తెల్లారుజామున 5 గంటలప్పుడు ఫ్యాన్ల చప్పుడు ఆగిపోయింది. దాంతోనే నాకు మెలకువ వచ్చింది.

రాత్రి 7 గంటలకి రెండర్ పెట్టి పడుకున్నాను. రాయదుర్గంలో దగ్గరి చుట్టాల రిసెప్షన్. స్టేజీ వెనక ఎల్‌ఈడీ స్క్రీన్ మీద పెళ్లికొడుకు, పెళ్లికూతురు పేర్లతో 30 సెకన్ల త్రీడీ యానిమేషన్ వేయాలి. అడ్వాన్స్ ముందే తీసుకున్నాను. ఆ డబ్బు చెల్లెలి హాస్టల్ ఫీజు కింద కట్టేశాం కూడా. వీడియో ఇవ్వాల్సింది అదే రోజు సాయంత్రం.

లేచి చూస్తే మానిటర్ నల్లగా ఉంది. ఇంట్లో లైట్లు వెలుగుతున్నాయి, అంటే కరెంటు పోలేదు. కంప్యూటర్ ఒక్కటే ఆఫ్ అయింది. మళ్లీ ఆన్ చేసి ఫైల్ తెరిచాను. తెరుచుకోలేదు. పది గంటల రెండర్ గాలికి పోయింది.

తప్పు ఎవరిదో నాకు తెలుసు. నాదే. వారం క్రితమే ఆ డబ్బాలోకి రెండో గ్రాఫిక్స్ కార్డు ఎక్కించాను.

పెద్దెద్దు, కోడెదూడ

కణేకల్ చూడనివాళ్లకి రెండు ముక్కలు. అనంతపురం జిల్లాలో, బళ్లారికి దగ్గర్లో ఉంటుంది మా ఊరు. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లతో నిండే పెద్ద చెరువు, దాని కింద వరి మళ్లు. కాస్త అవతలికి పోతే వేదవతి, మేం హగరి అంటాం, ఆ ఏటి పక్కన ఎడారిలా ఇసుక దిబ్బలు. మా పొలం చెరువు కింద లేదు. వాన మీద ఆధారపడిన శెనక్కాయ చేను. అందుకే నేను బీటెక్ అయ్యాక ఇంట్లోనే కూర్చుని బ్లెండర్‌లో పెళ్లి టైటిల్స్, జాతర బ్యానర్లకి త్రీడీ అక్షరాలు చేసిస్తుంటాను.

కాలేజీ రోజుల్లో కొన్న నా కంప్యూటర్‌లో ఎన్విడియా జీటీఎక్స్ 1050 టీఐ ఉండేది. 2016లో వచ్చిన కార్డు, 4 జీబీ మెమరీ. నాయన శెనక్కాయలు అమ్మిన డబ్బులో కొంత, నేను దాచుకున్నది కొంత కలిపి ఒక సెకండ్ హ్యాండ్ ఆర్టీఎక్స్ 3060 కొన్నాను. ఇది 2021లో వచ్చింది, 12 జీబీ. పాతదాన్ని అమ్ముదామంటే పెద్దగా ధర పలకలేదు. బోర్డులో ఇంకో పొడుగు స్లాట్ ఖాళీగానే ఉంది కదా! 12కి 4 కలిస్తే 16 జీబీ, వేగం కూడా పెరుగుతుంది అనుకుని దాన్నీ బిగించేశాను.

రెండు కూడికలూ తప్పే.

మొదట వేగం సంగతి. 3060లో 3,584 కూడా కోర్లు ఉంటే, 1050 టీఐలో ఉన్నవి 768. లోపలి డిజైన్ కూడా పాతది. నా సీన్‌లో 3060 ఒక ఫ్రేమ్‌ని నిమిషంలో తేలిస్తే, 1050 టీఐకి పది నిమిషాలు పట్టింది. అంటే పదిమంది పనిచేస్తున్న చోటికి పదకొండో మనిషి వచ్చాడంతే. 12 గంటల పని 11 గంటలకి వస్తుంది.

ఇక మెమరీ. బ్లెండర్‌లో రెండు కార్డులూ ఒకే ఫ్రేమ్ మీద పనిచేయాలంటే, ఆ సీన్ మొత్తం రెండింటిలోనూ విడివిడిగా పట్టాలి. 12 జీబీ కార్డులో హాయిగా కూర్చునే సీన్ 4 జీబీ కార్డులో పట్టకపోతే, మిగిలినది మామూలు ర్యామ్ మీదకి పోయి పని నత్తనడక నడుస్తుంది, లేదంటే ఎర్రర్ వచ్చి ఆగిపోతుంది. పక్కపక్కన రెండు చెరువులున్నంత మాత్రాన నీళ్లు కలవవు. మధ్యలో కాలువ కావాలి.

కాలువ ఉంది. కానీ ఎంత వెడల్పు? నా బీ450 బోర్డులో మొదటి స్లాట్ సెకనుకి దాదాపు 16 జీబీ పంపగలదు. రెండో స్లాట్ చూడ్డానికి అంతే పొడుగున్నా, లోపల పంపగలిగేది 2 జీబీ. ఒకటి ఎగువ కాలువ, ఇంకొకటి మా చేని పక్క పిల్లకాలువ.

జత కుదిర్చే ప్రయత్నాలు ఎన్నో

నాకు వచ్చిన ఆశ కొత్తదేమీ కాదు. 1998లోనే త్రీడీఎఫ్ఎక్స్ కంపెనీ రెండు వూడూ2 కార్డులను జతచేసే ఎస్‌ఎల్‌ఐ తెచ్చింది. తెర మీద గీతల్లో బేసి గీతలు ఒక కార్డు, సరి గీతలు ఇంకో కార్డు గీసేవి. ఆ కంపెనీ ఆస్తులను కొనుక్కున్న ఎన్విడియా, 2004లో అదే పేరుతో కొత్త పద్ధతి తెచ్చింది. మరుసటేడు ఏటీఐ 'క్రాస్‌ఫైర్' అంది. అయితే షరతు ఉంది. ఎస్‌ఎల్‌ఐకి రెండు కార్డుల్లోనూ ఒకే చిప్ ఉండాలి. క్రాస్‌ఫైర్‌కి కనీసం ఒకే కుటుంబమైనా కావాలి.

జత కుదరని ఎద్దులను కాడికి కట్టే ప్రయత్నాలూ జరిగాయి. 2010లో లూసిడ్ అనే ఇజ్రాయెల్ కంపెనీ చేసిన హైడ్రా చిప్‌తో ఒక మదర్‌బోర్డు వచ్చింది. ఎన్విడియా, ఏఎండీ కార్డులు రెండూ కలిసి ఒకే గేమ్ ఆడించాలన్నది దాని లక్ష్యం. ఆట ఆటకీ తేడాలొచ్చి అది నిలవలేదు. 2015లో డైరెక్ట్ఎక్స్ 12 వచ్చాక, గేమ్ తయారుచేసేవాళ్లే తలచుకుంటే వేర్వేరు కంపెనీల కార్డులకి పని పంచే వీలొచ్చింది. 'యాషెస్ ఆఫ్ ది సింగులారిటీ' గేమ్ దాన్ని నిజంగానే చేసి చూపించింది.

ఇక్కడే మన తెలుగువాడి ప్రస్తావన ఒకటుంది. ఆంధ్రా యూనివర్సిటీలో ఇంజినీరింగ్ చదివిన రాజా కోడూరి 2016లో ఏఎండీ గ్రాఫిక్స్ విభాగానికి అధిపతి. తైపీ కంప్యూటెక్స్ సభలో 199 డాలర్ల నుంచి మొదలయ్యే ఆర్‌ఎక్స్ 480 కార్డుని ప్రకటిస్తూ, అలాంటివి రెండు కలిపి ఇదే గేమ్‌లో ఎన్విడియా ఖరీదైన జీటీఎక్స్ 1080కి పోటీగా నిలబెట్టారు. చూసినవాళ్లు చప్పట్లు కొట్టారు. కానీ అక్కడ జత కుదిరింది రెండు ఒకే రకం కార్డులకి. పైగా గేమ్ కూడా పని పంచడం నేర్చిన గేమ్.

ఆ నేర్పు తక్కిన గేమ్స్ తయారీదారులకి బరువైంది. రెండు కార్డులున్నవాళ్లు ఎంతమందని వాళ్లు అంత శ్రమ పడాలి? 2021 నుంచి ఎన్విడియా కొత్త ఎస్‌ఎల్‌ఐ ప్రొఫైల్స్ ఇవ్వడం ఆపేసింది. 40 సిరీస్ గేమింగ్ కార్డుల్లో జత చేసే కనెక్టరే లేదు. కాబట్టి గేమ్స్ కోసమే రెండో కార్డు కొనాలనుకుంటే ఆ డబ్బు దాచుకోండి.

నాయన చెప్పిన లెక్క

మళ్లీ ఆ తెల్లారుజాముకి వద్దాం.

నేను తల పట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. నాయన చేనికి పోతూ ఆగాడు.

"ఏమైందిరా? దుడ్డు పెట్టి తెచ్చినది అప్పుడే చెడిపాయనా?"

"చెడిపోలేదు నాయనా. రెండింటినీ ఒకే దాంట్లో పెట్టినా. బరువు తట్టుకోలేక ఆగిపాయె."

"రెండూ ఒకే రకమేనా?"

"కాదు. ఒకటి పెద్దది, ఇంకోటి చిన్నది, పాతది."

నాయన నవ్వాడు. "పెద్దెద్దుకీ కోడెదూడకీ ఒకే కాడి కట్టినావు. పెద్దదాని మెడ కొట్టకపోతాది, దూడ కాలు మడిచేస్తాది. కలుపు తీసేకి కూలోళ్లు వస్తారు సూడు, వాళ్లు ఒకే సాలులో పదిమంది దూరతారా? సాలుకొకరు నిలబడతారు. ఎవరి సాలు వాళ్లది. బిరబిరా తీసేటోళ్లు ఎక్కువ సాళ్లు తీస్తారు, నిదానం మనిషి తక్కువ తీస్తాది. అయినా చేను అయిపోతాది కదా!"

ఆ మాటతో నాకు దారి దొరికింది.

యానిమేషన్ అంటే 30 సెకన్లు, సెకనుకి 24 ఫ్రేములు, మొత్తం 720 బొమ్మలు. ఒక్కో ఫ్రేమ్ ఒక్కో సాలు! రెండు కార్డులూ ఒకే ఫ్రేమ్‌లో దూరాల్సిన పనేముంది? అసలు ఒకే డబ్బాలో ఉండాల్సిన పని మాత్రం ఏముంది?

1050 టీఐని ఊడబీకి, చెల్లెలు చదువుకోవడానికి వాడే పాత ఆఫీసు కంప్యూటర్‌లో పెట్టాను. ఆ కార్డుకి వేరే పవర్ వైరు అక్కర్లేదు, స్లాట్ ఇచ్చే 75 వాట్లే చాలు. ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లో అటు మార్చాను. 1 నుంచి 660 వరకూ ఫ్రేములు నా 3060కి. 661 నుంచి 720 వరకూ, అంటే 60 ఫ్రేములు, చిన్నదానికి. ఈసారి నేరుగా ఎంపీ4 ఫైల్‌గా కాకుండా, ఒక్కో ఫ్రేమ్ ఒక్కో పీఎన్‌జీ బొమ్మగా సేవ్ అయ్యేలా పెట్టాను. మధ్యలో ఆగినా పోయేది ఒక్క బొమ్మే. ముందు రాత్రే ఈ పని చేసి ఉంటే నా పది గంటలు మిగిలేవి.

ఉదయం 6కి మొదలుపెట్టాను. పగలంతా ఆ గదిలోకి ఎవర్నీ రానీయలేదు. చిన్న కార్డు పది గంటల్లో తన 60 ముగించింది. పెద్దది సాయంత్రం 5కి 660 పూర్తిచేసింది. ఒక్కదాన్నే నమ్ముకుని ఉంటే 6 అయ్యేది. ఆ ఒక్క గంటలో బొమ్మలన్నీ వీడియోగా కుట్టి, పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని, బైక్ మీద రాయదుర్గం దారిలో చాలా దూరం పోయాను. నేను మండపంలోకి అడుగు పెట్టేసరికి ఎల్‌ఈడీ వాళ్లు స్క్రీన్ టెస్ట్ చేస్తున్నారు. "వచ్చినావా సామీ! ఫోన్ ఎత్తవేం?" అన్నాడు పెళ్లికొడుకు అన్న. బైక్ మీద ఫోన్ మోగింది కూడా నాకు వినపడలేదు.

మీ ఫోన్‌లోనూ ఇదే

ఇది డెస్క్‌టాప్ పిచ్చోళ్ల గొడవ అనుకోకండి. ఇది చదువుతున్న మీ ఫోన్‌లోని ప్రాసెసర్ కూడా జత కుదరని కాడే. ఆర్మ్ కంపెనీ 2011లో 'బిగ్ లిటిల్' పద్ధతి ప్రకటించింది. కొన్ని బలమైన కోర్లు, కొన్ని చిన్న కోర్లు ఒకే చిప్‌లో ఉంటాయి. గేమ్ ఆడితే బలమైనవి లేస్తాయి. పాటలు వింటుంటే చిన్నవే సరిపోతాయి, బ్యాటరీ మిగులుతుంది. ఎవరికి ఏ పని ఇవ్వాలో ఫోన్ సిస్టమే చూసుకుంటుంది. డెస్క్‌టాప్‌లో రెండు కార్డులు పెడితే ఆ మేస్త్రీ పని మనం చేయాలి.

ఏ పనికి కుదురుతుంది? ఏ పనికి కుదరదు?

ఆ తర్వాత పవర్ సప్లై మార్చి, రెండు కార్డులనూ మళ్లీ ఒకే డబ్బాలో పెట్టాను. నాకు తేలింది ఇదీ.

త్రీడీ రెండరింగ్: కుదురుతుంది. సీన్ చిన్న కార్డులోనూ పట్టాలి, అంతే. బ్లెండర్‌ని రెండుసార్లు తెరిచి, ఒక్కోదానికి ఒక్కో కార్డు ఇవ్వచ్చు. అవుట్‌పుట్ సెట్టింగుల్లో 'ఓవర్‌రైట్' తీసేసి, 'ప్లేస్‌హోల్డర్స్' పెడితే, ఎవరి ఫ్రేమ్ అయిపోతే వాళ్లు తర్వాతి ఖాళీ ఫ్రేమ్ పట్టుకుంటారు. అచ్చం సాళ్ల లెక్కే. మధ్యలో సిస్టమ్ ఆగిపోతే మాత్రం, ఫోల్డర్‌లో మిగిలిన ఖాళీ ఫైళ్లను డిలీట్ చేశాకే మళ్లీ మొదలుపెట్టండి. లేకపోతే అవి అయిపోయాయనుకుని వదిలేస్తుంది.

వీడియో ఎడిటింగ్: సాఫ్ట్‌వేర్‌ని బట్టి. డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ విండోస్‌లో ఒక్క కార్డునే వాడుకుంటుంది. రెండోది కావాలంటే డబ్బు కట్టి స్టూడియో వెర్షన్ కొనాలి.

ఇంట్లోనే ఏఐ మోడల్ నడపడం: ఇక్కడ 12, 4 కలిసి నిజంగానే 16కి దగ్గరగా వస్తాయి! లామా.సీపీపీ లాంటి ప్రోగ్రాములు మోడల్‌ని పొరలుగా విడదీసి, ఎక్కువ పొరలు పెద్ద కార్డులో, కొన్ని చిన్న కార్డులో పెడతాయి. పొరల మధ్య అటూ ఇటూ పోయే డేటా తక్కువ కాబట్టి పిల్లకాలువ సరిపోతుంది. ఓపెన్‌ఏఐ 2025లో ఉచితంగా వదిలిన జీపీటీ-ఓఎస్ఎస్ 20బీ, 16 జీబీ మెమరీలో నడిచేలా చేసిన మోడల్. ఒక్క 12 జీబీ కార్డులో అది ఇరుకు. అయితే మాట ఒక పొర తర్వాత ఇంకో పొర దాటి రావాలి కాబట్టి, చిన్న కార్డు దగ్గర పెద్దది ఆగాల్సిందే. 3060 మెమరీ వేగం సెకనుకి 360 జీబీ, 1050 టీఐది 112. అయినా మామూలు ర్యామ్ కంటే అది నయం.

రోజువారీ పని: నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది ఇదే. మానిటర్ వైరు చిన్న కార్డుకి పెట్టాను. బ్రౌజర్, యూట్యూబ్ అన్నీ దాని మీద. 3060లోని 12 జీబీ మొత్తం రెండరింగ్‌కే మిగులుతుంది. రెండర్ నడుస్తున్నప్పుడు మౌస్ కూడా తడబడటం లేదు.

బిగించే ముందు ఇవి చూసుకోండి

పవర్: 3060 గరిష్ఠంగా 170 వాట్లు తింటుంది, 1050 టీఐ 75. ఒక్క 3060కే 550 వాట్ల పవర్ సప్లై ఉండాలని ఎన్విడియా చెబుతుంది. నా దగ్గరున్నది పాత 450. దాని మీద రెండు కార్డులు వేశాను! దానికి తోడు, పొలాల మోటార్లన్నీ ఒక్కసారిగా ఎత్తుకుంటే మా వీధిలో బల్బు మసకబారుతుంది. ఇప్పుడు మంచి 650 వాట్లది, యూపీఎస్ పెట్టాను. కార్డు పవర్ లిమిట్‌ని కొంచెం తగ్గించి నడిపితే వేగం పెద్దగా పడిపోదు, వేడి మాత్రం బాగా తగ్గుతుంది.

వైర్లు: రెండో కార్డుని రైజర్ వైరుతో బయట పెట్టేవాళ్లు, ఆ రైజర్‌కి సాటా పవర్ వైరు ఇవ్వకండి. సాటా కనెక్టర్ 12 వోల్టుల మీద ఇవ్వగలిగేది 54 వాట్లు. కార్డు 75 అడిగితే కనెక్టర్ కరిగిపోతుంది.

గాలి: రెండు కార్డులు అంటుకుని కూర్చుంటే పైదానికి ఊపిరాడదు. మధ్య ఒక స్లాట్ ఖాళీ వదలండి. ఆషాఢం గాలికి హగరి ఇసుక మా ఇళ్లలోకి వస్తుంది. నేను నెలకోసారి డబ్బా తెరిచి దుమ్ము కొడతాను.

డ్రైవర్: విండోస్‌లో రెండు ఎన్విడియా కార్డులకీ ఒకటే డ్రైవర్. 1050 టీఐ తరం కార్డులకి కొత్త గేమింగ్ డ్రైవర్లు ఇవ్వడం 2025 అక్టోబరుతో ఆపేశారు. ఇక 2028 అక్టోబరు వరకూ భద్రతా అప్‌డేట్లే. పాతది పక్కన ఉన్నంతకాలం కొత్తదాన్ని కూడా పాత డ్రైవర్ దగ్గరే ఆపుకోవాలి.

చివరిగా ఒక్క ప్రశ్న వేసుకోండి. మీ పనిని సాళ్లుగా విడదీయచ్చా? విడదీయగలిగితే పాత కార్డుని అమ్మకండి. లేకపోతే దాన్ని అమ్మేసి, ఆ డబ్బుతో మంచి పవర్ సప్లై కొనుక్కోండి.

మొన్న రాత్రి రెండర్ నడుస్తుంటే నాయన గుమ్మం దగ్గర నిలబడి డబ్బా వంక చూశాడు. ఈమధ్య ఆయనకి ఆ ఫ్యాన్ల చప్పుడు అలవాటైంది.

"దూడ కూడా దున్నుతాండాదా?"

"లేదు నాయనా. దానికి వేరే సాలు ఇచ్చినా."

"అట్లయితే సరే" అని లైటు ఆర్పి పడుకున్నాడు.